కాశీయాత్ర క్యాసెట్టు

రేపల్లె,
సోమవారం.

చిరంజీవి వెంకట సుబ్బయ్యకి,

నీ బావ విజయసారథి కోపంగానే ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మీ అక్క క్షేమం. నా క్షేమం నువ్వు అడగక్కర్లేదు, నేను చెప్పక్కర్లేదు.

ఫోన్లుండగా ఉత్తరం ఏంటని ఆశ్చర్యపోకు. మొన్న నీతో ఫోన్లో మాట్లాడాక డాక్టరు నా బి.పి. చూసి మీ అక్క వంక చూశాడు. మీ అక్క నా ఫోన్ వంక చూసింది. ఇప్పుడది బీరువాలో పట్టుచీరల కింద ఉంది. "మీ బావాబావమరుదులిద్దరూ అరుచుకోవాలంటే కాగితం మీద అరుచుకోండి" అంది. సరే, అరుస్తున్నాను.

ట్రంకు పెట్టె అడుగున మా పెళ్లి వీడియో క్యాసెట్ దొరికింది. ఇంటింటా వీసీఆర్లు ఉన్న రోజుల్లో ఇది కనపడలేదు. ఇది కనపడేసరికి వీసీఆర్లు లేవు. ఇంతవరకు మేం ఒక్కసారి కూడా చూసిన పాపాన పోలేదు. తెనాలి స్టూడియోవాడు రాసిచ్చిన మా ఇద్దరి పేర్లూ అట్ట మీద చెక్కు చెదరకుండా ఉన్నాయి.

అంటే నీ అబద్ధానికి కాలం దగ్గర పడిందని అర్థం.

పెళ్లికొడుకు గొడుగు పట్టుకుని కాశీకి బయల్దేరితే, బావమరిది ఎదురొచ్చి నోట్లో బెల్లం ముక్క పెట్టి, 'మా అక్కని చేసుకో బావా' అని బతిమాలి వెనక్కి తీసుకురావాలి. ఎంత లేనివాళ్లయినా ఈ ఒక్క మర్యాదా చేస్తారు. నువ్వు చేయలేదు. తెనాలిలో సత్రం పక్క గుమ్మంలోంచి బయటికొచ్చి, కాలవగట్టున పావుకోళ్లతో నడుస్తూనే ఉన్నాను. వెనక్కి తిరిగి చూస్తే నువ్వు లేవు. ఇంకా నడిచాను. లేవు. మేళంవాళ్లు కూడా విసుగొచ్చి వాయించడం ఆపేశారు. రిక్షా స్టాండు దగ్గర ఒకడు "ఎక్కడికి సామీ?" అని అడిగాడు. కాశీకి అని చెప్పనా? చివరికి మీ పురోహితుడే వచ్చి, ముహూర్తం దాటిపోతోందని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. పైగా ఇన్నేళ్ల నుంచీ 'నేనొచ్చాను, బెల్లం పెట్టాను' అని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నావు.

మీ అటక మీద వీసీఆర్ ఒకటి పడి ఉందట. పంపు. దాన్ని టీవీకీ, కేబుల్ వాళ్ల డబ్బాకీ ఎలా తగిలించాలో వివరంగా రాయి. ఫిజిక్స్ లెక్చరరుగా అంతమందిని ఫెయిల్ చేశావు, ఆ చదువు ఒక్కసారైనా ఎవరికో ఒకరికి పనికిరావాలి కదా.

నీ మీద నమ్మకం లేని
బావ విజయసారథి

తా.క.: ఆ రోజు నేను కాశీ నుంచి తిరిగొచ్చేసరికి ఉప్మా అయిపోయింది. అదీ మర్చిపోలేదు.


బాపట్ల,
గురువారం.

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. అందకపోయినా బాగుండేది.

ఆ రోజు పొద్దున్నే హాస్టల్ నుంచి బస్సులో నిలబడి వచ్చి తెనాలి సత్రంలో దిగాను. మొహం కడుక్కునేలోపే "ఏడీ బావమరిది?" అని కేకలు. బెల్లం పళ్లెం తీసుకుని పరిగెత్తాను. నడివీధిలో మిమ్మల్ని ఆపాను. గడ్డం పట్టుకుని బతిమాలాను. నా ఈ చేత్తో మీ నోట్లో బెల్లం పెట్టాను. మీరు చప్పరించి, "ఇంకో ముక్క పెట్టవోయ్" అని కూడా అన్నారు. తిని, అడిగి మరీ తిని, ఇప్పుడు తినలేదంటున్నారు. రిటైరైన సోషల్ మాస్టారు చరిత్రని ఇలా మార్చేస్తుంటే పిల్లలకి ఏం చెప్పుంటారో అని భయమేస్తోంది.

వీసీఆర్ బస్సు పార్సిల్లో పంపించాను. తగిలించడం చాలా తేలిక. కేబుల్‌ని వీసీఆర్ వెనక అవుట్ అని రాసి ఉన్న చోట పెట్టండి. కేబుల్ రెండో కొస టీవీలో పెట్టండి. టీవీ రిమోట్ మీద సోర్స్ అని ఉన్న బటన్ నొక్కితే ఏవీ అని వస్తుంది. క్యాసెట్ లోపలికి తోసి ప్లే నొక్కడమే. చిన్నపిల్లలు కూడా చేసేస్తారు. అందుకే మీ గురించి కొంచెం దిగులుగా ఉంది.

ఇట్లు,
బెల్లం పెట్టిన బావమరిది
వెంకట సుబ్బయ్య

తా.క.: ఉప్మా అయిపోయింది మీ తరఫువాళ్లు రెండోసారి కూర్చోవడం వల్ల.


రేపల్లె,
సోమవారం.

సుబ్బయ్యా,

ఆశీర్వచనం ఈసారికి లేదు.

నువ్వు రాసింది రాసినట్టు చేశాను. మా ఇంట్లో ఉన్నది ఒకటే కేబుల్. దాన్ని డబ్బాలోంచి పీకి, వీసీఆర్ వెనక అవుట్ అని ఉన్న చోట బిగించాను. చక్కగా పట్టింది. రెండో కొస టీవీలో పెట్టమన్నావు. ఆ రెండో కొస కోసం తీగ పట్టుకుని వెతుక్కుంటూ కిటికీలోంచి బయటికెళ్లాను. అది వీధిలో కరెంటు స్తంభం మీద ఉంది! ఈ వయసులో నన్ను స్తంభం ఎక్కించాలని చూశావా? సరే, ఒక కొసతోనే ఎంతొస్తే అంత వస్తుందని ప్లే నొక్కాను.

మా టీవీలో నీలం రంగు తప్ప ఏమీ రాలేదు. కానీ కాసేపటికి వీధిలో గోల మొదలైంది. ఒక్కొక్కళ్లే బయటికొస్తున్నారు. అందరి ఇళ్లలోనూ బొమ్మ ముక్కలు ముక్కలై పోయిందట. అటు క్రికెట్ ఆఖరి ఓవర్, ఇటు ఏదో సీరియల్లో కోడలు నిజం చెప్పబోతోందిట, నోరు తెరిచింది, బొమ్మ పోయింది. నేను కూడా అరుగు మీద నిలబడి, "ఈ కేబుల్ వాళ్లకి బొత్తిగా బాధ్యత లేదండి" అని అందరితో కలిసి తిట్టాను.

కేబుల్ ఆపరేటర్ వినయ్ కుమార్ తీగలు తడుముకుంటూ, ఇల్లిల్లూ దాటుకుంటూ, సరిగ్గా మా గుమ్మం ముందుకొచ్చి ఆగాడు. "మాస్టారూ, బొమ్మ మా ఆఫీసు నుంచి మీ ఇంటికి రావాలి. మీ ఇంట్లోంచి ఏదో మా మీదకి ఎదురొస్తోందండి" అన్నాడు. వీధి వీధంతా నన్ను చూసింది. బాధ్యత గురించి నేను చేసిన ఉపన్యాసం అప్పటికింకా పూర్తి కాలేదు.

నువ్వు కావాలనే తప్పు రాశావు. క్యాసెట్ చూస్తే నీ బండారం బయటపడుతుందని నీ భయం.

మండిపోతూ,
విజయసారథి

తా.క.: ఆ కోడలు చెప్పబోయిన నిజమేంటో మీ మరదలు కనుక్కుని రాయమంది. అదే, మీ అక్క. కోపంలో చుట్టరికాలు కూడా తప్పుతున్నాయి.


బాపట్ల,
బుధవారం.

బావగారూ,

నమస్కారం పెడుతున్నాను, అదీ అక్కకి భయపడి.

నేను కేబుల్ అన్నది వీధిలో తీగని కాదు మహానుభావా! పార్సిల్లో వీసీఆర్ పక్కన పాత పేపర్లో చుట్టి ఒక పొట్టి వైరు పెట్టాను. అటు చివర పసుపు తల, తెలుపు తల. ఇటు చివరా అవే. దాన్ని కేబుల్ అంటారు. ప్రపంచమంతా అంటుంది. ఆ పేపర్ని మీరు చదువుకోవడానికి పంపాననుకున్నారు కాబోలు.

వీధి కేబుల్ తీసుకెళ్లి దాని డబ్బాలో దానికి పెట్టేయండి. ఇక దాని జోలికి వెళ్లొద్దు. ఇప్పుడు టీవీ పక్కన చూడండి. డబ్బా నుంచి వచ్చిన పిన్నులు గుచ్చి ఉంటాయి. వాటిని తీసి అక్కడ నా వైరు పెట్టాలి. మీకు అర్థమయ్యేలా ఒక్క మాటలో రాస్తున్నాను: పసుపుని పసుపులో పెట్టండి, అంతే!

నా భయం గురించి రాశారు. నాకేం భయమండి? వీసీఆర్ పంపినవాడిని నేను. భయపడేవాడు అటక ఎక్కి దుమ్ములో దాన్ని దించుతాడా? దించినప్పటి నుంచీ తుమ్ముతున్నాను. ఆ తుమ్ములు కూడా మీ ఖాతాలోకే.

ఇట్లు,
వెంకట సుబ్బయ్య

తా.క.: ఆ కోడలికి గతం గుర్తులేదని తేలింది. ఇంకా కొన్నాళ్లు ఆ నిజం చెప్పదు. అక్కకి చెప్పండి.


రేపల్లె,
శనివారం.

ఓడిపోయిన సుబ్బయ్యకి,

గెలిచిన బావ రాయునది.

బొమ్మ వచ్చింది! పసుపుని పసుపులో పెట్టాను. అంతే అన్నావు కాబట్టి తెలుపు జోలికి పోలేదు. దాంతో బొమ్మ క్యాసెట్‌ది, మాటలు కేబుల్ డబ్బావి వస్తున్నాయి. అందులో వ్యవసాయం కార్యక్రమం నడుస్తోంది. పురోహితుడు నోరు తెరవగానే "వరిలో అగ్గితెగులు కనిపించిన వెంటనే" అని వినపడింది. పెళ్లికూతురు తలొంచుకుంటే "పొలంలో నీరు తీసేయాలి" అంది ఒక ఆడగొంతు. మీ అక్క నవ్వీ నవ్వీ వంటింట్లోకి వెళ్లిపోయింది.

బొమ్మ కూడా మంచులోంచి చూసినట్టే ఉంది. చుక్కలు, గీతలు. మొహాలు ఆనవు. కానీ నాకు కావలసింది కనపడింది. గొడుగు! నల్లటి గొడుగు, దాని కింద తెల్లటి బట్టల్లో నేను. ఏం ఠీవి, ఏం నడక! వయసులో ఉన్నప్పుడు అంత నాజూగ్గా ఉండేవాణ్ణని నాకే తెలియదు. వెనకాల ఎవడూ లేడు. బెల్లం లేదు. పళ్లెం లేదు. నువ్వు లేవు.

ఇంకో సంగతి కూడా తేలింది. మీ నాన్నగారు ఏరికోరి పిలిపించిన పురోహితుడికి మంత్రాలు నోటికి రావు! చేతిలో పుస్తకం పట్టుకుని చూసి చదువుతున్నాడు. అంటే నా పెళ్లి అప్పుతచ్చులతో జరిగిందన్నమాట. ఇన్నేళ్లుగా మీ అక్క నా మాట ఎందుకు వినదో ఇప్పుడు అర్థమైంది.

క్షమాపణ ఇన్లాండ్ లెటర్ మీద రాసి పంపు. కార్డు మీద వద్దు, పోస్టుమాన్ చదువుతాడు.

విజయోత్సాహంతో,
విజయసారథి

తా.క.: అగ్గితెగులుకి మందు పేరు రాసుకున్నాను. మీ పొలం కౌలుదారుకి కావాలంటే అడుగు.


బాపట్ల,
మంగళవారం.

బావగారూ,

మా పురోహితుడు ఘనాపాఠి. ఆయన నోట్లోంచి వేదం వస్తుంటే తెనాలిలో కాకులు కూడా ఆగి వినేవి. ఆయన పుస్తకం చూసి చదివాడంటారా? మా నాన్నగారిని కూడా ఇందులోకి లాగుతారా? మీరు పెద్దవారై పోయారు, లేకపోతే నేను రాయబోయే మాట వేరే ఉండేది. ఆ మాట ఇక్కడ రాసి కొట్టేశాను. కాగితం వెలుగుకి పెట్టి చూడొద్దు.

అంత మంచులో గొడుగు కనపడింది గానీ, గొడుగు పక్కన మనిషి కనపడలేదా? కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూడండి. పక్కన ఎవరో ఒకరు ఉండి తీరాలి. అది నేనే.

అసలు అంత మంచు రావడం మీ తప్పు. ముందు హెడ్ శుభ్రం చేయండి. ఇన్నేళ్ల మురికి పేరుకుపోయి ఉంటుంది. దాన్ని శుభ్రం చేయకుండా ఏది చూసినా మసగ్గానే కనపడుతుంది. మెత్తటి గుడ్డ కొంచెం స్పిరిట్‌లో ముంచి నెమ్మదిగా రుద్దితే చాలు. గట్టిగా రుద్దితే పగులుతుంది. అసలే పాతది.

ఇట్లు,
వెంకట సుబ్బయ్య

తా.క.: మీకు చేతకాకపోతే అక్కని రుద్దమనండి.


రేపల్లె,
శుక్రవారం.

ఓరి సుబ్బిగా,

నా హెడ్‌లో మురికి ఉందా? ఇన్నేళ్ల మురికా? అక్క చేత రుద్దించుకోవాలా? స్పిరిట్‌తోనా? గట్టిగా రుద్దితే పగులుతుందా?

హైస్కూల్లో నా ముందు నోరెత్తిన మనిషి లేడు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసర్లు నాకు కుర్చీ వేసేవారు. అలాంటి తలని పట్టుకుని అసలే పాతది అంటావా? నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. తమ్ముణ్ణి తిడుతుందని చూస్తే, "అందులో తప్పేముందండీ?" అంది. అన్నం తినకుండా లేచిపోయాను. తరవాత ఆకలేసి తిన్నాను. అది వేరే సంగతి.

నువ్వు చెప్పావని కాదు గానీ, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. గొడుగు పక్కన ఒకడున్న మాట నిజమే. నల్లకోటు వేసుకున్నాడు. అది నువ్వెలా అవుతావు? పెళ్లికొచ్చిన ప్లీడరు గారెవరో అయి ఉంటాడు. పరాయివాడు పాపం నా మీద ఎండ పడకుండా పక్కన నడిచాడు. సొంత బావమరిదికి ఆ జ్ఞానం లేదు.

ఇక నీకూ నాకూ మాటల్లేవు. ఉత్తరాలు మాత్రం రాస్తాను, నువ్వు గెలిచాననుకోకుండా.

తలలో ఏ మురికీ లేని
విజయసారథి

తా.క.: పొద్దున తలంటుకున్నాను. దానికీ దీనికీ సంబంధం లేదు.


బాపట్ల,
సోమవారం.

బావగారూ,

హెడ్ అంటే వీసీఆర్ హెడ్! లోపల తిరిగే చక్రం! మీ తల గురించి నేనెందుకు రాస్తానండి, తెలిసిన సంగతులు రాసుకోవడానికి పోస్టేజీ దండగ కాదూ?

ఆ నల్లకోటు నాదే! దొరికారు మీరు! హాస్టల్లో రూమ్మేట్ దగ్గర అడిగి తెచ్చుకున్నాను. ఆ రోజు అది వేసుకున్నట్టు నాకు బాగా గుర్తు. ఆ గొడుగు పక్కన, ఆ కోటులో, మీతో సమానంగా నడుస్తున్నది సాక్షాత్తూ నేనే. మీ నోటితో మీరే ఒప్పుకున్నారు, మీ చేత్తో మీరే రాశారు. ఈ ఉత్తరం పటం కట్టిస్తాను.

వచ్చే ఆదివారం మొదటి రైలుకి బయల్దేరి తెనాలిలో మారి రేపల్లె వస్తున్నాను. నా కళ్లతో చూసి, నా కోటుని గుర్తుపట్టి, మీ ఎదురుగా నిలబడి బెల్లం ముక్క తిని వెళ్తాను. మీకు పెట్టను.

ఇట్లు,
నల్లకోటు వెంకట సుబ్బయ్య

తా.క.: భోజనానికి ఉండను. అక్క బలవంతం చేస్తే మాత్రం ఉంటాను.


రేపల్లె,
గురువారం.

చిరంజీవి తమ్ముడు సుబ్బయ్యని బాలసరస్వతి అక్క దీవించి, దాని వెనకే నాలుగు చీవాట్లు కూడా పెట్టి రాస్తున్నది.

ఫోన్ చేస్తే మధ్యలో అడ్డుపడతావు. అందుకని నేనూ కాగితమే తీసుకున్నాను. ఆదివారం నువ్వు రేపల్లె రాకు. పొన్నూరు రా. ఎందుకో చెప్తాను, నోరు మూసుకుని చదువు.

మీ బావ తలంటుకుని పడుకున్నాక నేను కేబుల్ వినయ్ కుమార్‌ని పిలిచాను. వీధంతా బొమ్మ పోగొట్టిన ఇంటికి అతను మొదట రానన్నాడు. కాఫీ ఇస్తానంటే వచ్చాడు. హెడ్ తుడిచి, తెల్ల పిన్ను తెలుపులో పెట్టి, ప్లే నొక్కాడు. గాజు కడిగినట్టు వచ్చింది బొమ్మ. అగ్గితెగులు ఆగిపోయి పాట మొదలైంది. ఆ పాట వినగానే నాకు అనుమానమేసింది. చర్చి పాట అది.

సుబ్బయ్యా, అది మా పెళ్లి కాదు. పొన్నూరులో ప్రభుదాస్ గారనే ఆయన పెళ్లి. మొదట్లోనే రంగు అక్షరాల్లో పేరూ, ఊరూ వేసి ఉన్నాయి, మంచులో మీ బావకి కనపడలేదు. తెనాలి స్టూడియోవాడు అట్టలు తారుమారు చేశాడు. పుస్తకం చూసి చదువుతున్నది పురోహితుడు కాదు, పాస్టరు గారు. గొడుగు కింద తెల్ల బట్టల్లో నాజూగ్గా నడుస్తున్నది మీ బావ కాదు. పెళ్లికూతురు. తెల్లచీర, ముసుగు, చేతిలో పూలగుత్తి. ఇక నల్లకోటులో నడుస్తున్నది నువ్వు కాదు నాయనా, ప్రభుదాస్ గారు. పటం కట్టిస్తానన్నావుగా, కట్టించు.

పాట వినపడి లేచొచ్చిన మీ బావ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసి, జేబులో పెట్టేసుకుని గదిలోకి వెళ్లిపోయారు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. వాళ్ల పెళ్లి మా ఇంట్లో ఉంటే మా పెళ్లి వాళ్ల ఇంట్లో ఉండాలి కదా. మర్నాడు క్యాసెట్ సంచీలో వేసుకుని పొన్నూరు బస్సెక్కాను. చర్చి దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. ప్రభుదాస్ గారు తలుపు తీసి, నన్ను చూసి, లోపలికి తిరిగి, "ఏవమ్మా, మన పెళ్లికూతురు గారు వచ్చారు!" అని కేకేశారు. నా పేరు చెప్పక ముందే! వాళ్లావిడ పరిగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. వాళ్ల క్యాసెట్ చేతిలో పెడితే గుండెకి హత్తుకుని ఏడ్చేసింది. స్టూడియో మూసేశారట, మా ఊరు తెలియదట, పాపం ఎంతో వెతికారట. మా పెళ్లిని మాత్రం భద్రంగా సీడీలోకి ఎక్కించి పెట్టుకున్నారు. వాళ్ల పిల్లలు మా పెళ్లి చూస్తూనే అన్నాలు తిన్నారట.

ముగ్గురం కూర్చుని చూశాం. నాన్న వచ్చినవాళ్లందరికీ నమస్కారాలు పెడుతూ కండువాతో మొహం తుడుచుకోవడం దగ్గర కాసేపు ఆపమన్నాను. ఆ కండువా సంగతే మర్చిపోయాను సుబ్బయ్యా. తరవాత కాశీయాత్ర వచ్చింది.

విను. నువ్వొచ్చావు. బెల్లం పెట్టావు. పెట్టలేదని మీ బావ ఇన్నేళ్లు అన్నది తప్పు. కానీ నువ్వు పెట్టింది మీ బావకి కాదు.

మీ బావ పక్క గుమ్మంలోంచి కాలవగట్టుకి వెళ్లారు. నువ్వు పెద్ద గుమ్మంలోంచి వీధిలోకి పరిగెత్తావు. వీడియో ఆయన నీ వెనకే పరిగెత్తాడు. ఆ రోజు పక్క సత్రంలో కూడా పెళ్లే. ఆ పెళ్లికొడుకూ గొడుగు పట్టుకుని కాశీకే బయల్దేరాడు. అప్పటికి నువ్వు మీ బావ మొహం చూసింది లేదు. వెళ్లి ఆ పెళ్లికొడుకు గడ్డం పట్టుకున్నావు. "మా అక్కని చేసుకో బావా" అని బతిమాలావు. ఆయన ఆనందంగా తిన్నాడు. ఇంకో ముక్క కూడా అడిగాడు. వాళ్ల సొంత బావమరిది చేతిలో బెల్లం పళ్లెంతో పక్కనే నిలబడి నోరు తెరుచుకుని నిన్నే చూస్తున్నాడు. ఆ మనిషికి రెండు పెళ్లిళ్లు చేయబోయావు నువ్వు. నీ ఒంటి మీద కోటు కూడా లేదు. గళ్ల చొక్కా, అది కూడా తిరగేసి తొడుక్కున్నావు.

ఇద్దరూ నిజమే చెప్పారు. నిజం చెప్పుకుంటూనే ఇన్నేళ్లు నా ప్రాణాలు తోడేశారు. ఏ పండక్కైనా, ఏ శుభకార్యానికైనా ఇదే గొడవ. విస్తళ్ల ముందు కూర్చుని ఇదే గొడవ. నా పెళ్లి గురించి నన్ను ఒక్క ముక్క అడిగారా మీరిద్దరూ? ఇంతకాలం నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ బొమ్మ చూశాక నాకొచ్చిన కోపం మీ ఇద్దరిదీ కలిపినా చాలదు.

ప్రభుదాస్ గారి ఆవిడ కాఫీ ఇచ్చి, నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "చాలా ఏళ్లుగా మా ఇంట్లో ఒక సందేహం ఉందమ్మా, ఏమీ అనుకోవు కదా?" అంది. అనుకోనన్నాను. "బెల్లం తిన్న పెళ్లికొడుకు ఒకరు, పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకు ఇంకొకరు. మొదటాయన ఎంత బతిమాలినా ఆగకుండా నిజంగానే కాశీ వెళ్లిపోయారా? ముహూర్తం దాటకుండా రెండో ఆయన్ని అప్పటికప్పుడు కూర్చోబెట్టారా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే వీపు నిమిరి, "పోనీలే అమ్మా, రెండో ఆయన కూడా చూడ్డానికి నెమ్మదస్తుడిలాగే ఉన్నారు" అని ధైర్యం చెప్పింది.

నేను కాదనలేదు. "ఏదో, సర్దుకుపోయానండి" అన్నాను.

ఆదివారం మనందరినీ భోజనానికి రమ్మన్నారు. మొదటి బస్సుకి రా. చొక్కా సరిగ్గా తొడుక్కుని రా.

మీ అక్క,
బాలసరస్వతి

తా.క.: ఇది రాస్తుంటే మీ బావ భుజం మీంచి చదివేశారు. తను రెండోవాడు కాదని, మొదటి నుంచీ తనేనని పొన్నూరులో రుజువు చేస్తారట. ట్రంకు పెట్టె మళ్లీ తిరగేసి మా పెళ్లి శుభలేఖ వెతుకుతున్నారు. ఆ రోజుల్లో శుభలేఖల మీద ఫోటోలు వేసేవారు కాదని నేనింకా చెప్పలేదు.